మనిషి రాసిన ఉత్తరాన్ని మనిషే చూడాలి

ఆసుపత్రికి ఉత్తరాలు అంటే ఒకప్పుడు పోస్ట్‌మ్యాన్ తెచ్చి ఆఫీసు బల్ల మీద పెట్టే కట్ట. గుమాస్తాగారు దారం విప్పి డాక్టర్లవి ఒక పక్కన, మందుల కంపెనీలవి ఒక పక్కన, రోగుల బంధువులు రాసినవి ఒక పక్కన సర్దేవారు. ఇప్పుడు ఆ కట్ట కంప్యూటర్లోకి వస్తోంది. ల్యాబ్ రిపోర్టులు, స్కానింగ్ అపాయింట్‌మెంట్లు, బిల్లు రసీదులు, ఇన్సూరెన్సు వారి ప్రశ్నలు, దూరాన ఉన్న కొడుకులూ కూతుళ్లూ తమ అమ్మానాన్నల గురించి రాసే ఉత్తరాలు, వీటన్నిటి మధ్య ఎవరూ అడగని వ్యాపార ప్రకటనలు, అన్నీ ఒకే పెట్టెలో పడుతున్నాయి. మీ ఇళ్లలోని ఫోన్లలో కూడా ఇదే పరిస్థితి అని మీరు ఓ.పి.లో చెబుతూనే ఉన్నారు. “సిస్టర్, రిపోర్టు మెయిల్ చేశామన్నారు, మాకు రాలేదు” అనే మాట మేము తరచుగా వింటున్నాము. చాలాసార్లు అది వచ్చే ఉంటుంది. మిగతా వాటి కింద పడిపోయి ఉంటుంది.

దీనికి కంప్యూటరు తెలిసినవారు చెప్పే ఉపాయం రూల్స్ పెట్టుకోవడం. ఫలానా చోటినుంచి వచ్చిన మెయిల్‌ను ఫలానా అరలో వెయ్యమని ఒకసారి చెప్పి పెడితే, ఆ తరువాత వచ్చేవన్నీ వాటంతట అవే సర్దుకుంటాయి. ఇది మంచి పద్ధతే. మా నర్సింగ్ విభాగం కూడా దీన్ని వాడుతోంది. అయితే ఈ పద్ధతిని ఎంతవరకు నమ్మాలి, ఎక్కడ ఆపాలి అనే విషయంలో మాకు గట్టి అభిప్రాయం ఒకటి ఉంది. దాన్ని మీ ముందు పెట్టడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

యంత్రం పంపిన మెయిల్‌ను యంత్రం విడదీయవచ్చు. మనిషి రాసిన మెయిల్‌ను మాత్రం మనిషే చూడాలి. ఏ మెయిల్ ఏ అరలో పడినా, ఆ అరను రోజూ తెరిచి చూసే మనిషి ఒకరు ఉండాలి. ఇదే మేము చెప్పదలచుకున్నది.

రూలు చూసేది కవరు మీది రాతనే

రూలు ఎలా పనిచేస్తుందో తెలియాలంటే మన పోస్టాఫీసును తలచుకుంటే చాలు. 1972 ఆగస్టు 15న మన దేశంలో పిన్‌కోడ్ మొదలైంది. ఆరు అంకెల్లో మొదటిది ప్రాంతాన్ని, రెండోది ఉపప్రాంతాన్ని, మూడోది ఉత్తరాలను విడదీసే జిల్లాను, చివరి మూడు అంకెలు ఉత్తరం పంచే పోస్టాఫీసును చెబుతాయి. ఆర్.ఎమ్.ఎస్. సిబ్బంది రైలు పెట్టెలో నిలబడి, ఆ అంకెలు చూసి ఉత్తరాలను గూళ్లలో వేసేవారు. లోపల పెళ్లి కబురు ఉందో చావు కబురు ఉందో వారికి తెలియదు, తెలియనవసరం లేదు. వారి పని ఉత్తరాన్ని సరైన ఊరికి చేర్చడం. చదవడం ఇంటివారి పని.

ఈమెయిల్ రూలు కూడా ఇంతే. ఎవరు పంపారు, ఎవరికి పంపారు, పైన విషయం అని ఏమి రాశారు, లోపల ఫలానా మాట ఉందా లేదా, ఇలాంటి గుర్తులనే అది చూస్తుంది. జీమెయిల్‌లో దీన్ని ఫిల్టరు అంటారు, అవుట్‌లుక్‌లో రూలు అంటారు. పేరు ఏదైనా పని ఒకటే. అది మాటను గుర్తుపడుతుంది. ఆ మాట వెనుక ఉన్న బాధను గుర్తుపట్టదు.

పాతకాలంలో బాధను గుర్తుపట్టించే ఏర్పాటు ఒకటి ఉండేది. టెలిగ్రాం వచ్చిందంటే ఇల్లంతా లేచి నిలబడేది, చదువురానివారు కూడా చదివించుకోవడానికి పరుగెత్తేవారు. 2013 జులైలో మన దేశంలో ఆ సేవ ఆగిపోయింది. ఈమెయిల్‌కు అలాంటి ప్రత్యేకత లేదు. బయాప్సీ రిపోర్టు, చీరల డిస్కౌంటు ప్రకటన ఒకే శబ్దంతో ఫోన్లో దిగుతాయి. ఏది ముందు తెరవాలో తేల్చుకోవలసిన భారం చదివేవారి మీదనే పడింది.

విడదీయడం మాకు కొత్త కాదు

ముఖ్యమైనదాన్ని ముందుకు తెచ్చి, ఆగగలిగినదాన్ని వెనుక ఉంచడం ఆసుపత్రిలో పాత విద్య. నెపోలియన్ సైన్యంలో సర్జన్‌గా పనిచేసిన డొమినిక్ జాన్ లారే, గాయపడిన సైనికులను వారి హోదా చూడకుండా గాయం తీవ్రతను బట్టి వరుస పెట్టి వైద్యం చేశాడు. ఈ పద్ధతిని ట్రయాజ్ అంటాము. ఆ ఫ్రెంచి మాటకు అర్థమే ఏరడం, విడదీయడం. ఈనాటి క్యాజువాల్టీలో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గుర్తుల వెనుక ఉన్నది అదే.

అయితే ట్రయాజ్ నేర్పేటప్పుడు మేము మా విద్యార్థినులకు రెండో పాఠం కూడా వెంటనే చెబుతాము. ఆకుపచ్చ గుర్తు వేసి బెంచీ మీద కూర్చోబెట్టిన మనిషి దగ్గరకు మళ్లీ వెళ్లి చూడాలి. వచ్చినప్పుడు నడిచి వచ్చినవాడు పావుగంటలో కూలబడవచ్చు. లోపలి రక్తస్రావం బయటకు కనబడదు. ఒకసారి గుర్తు వేశాము, ఇక మన పని అయిపోయింది అనుకునే నర్సు ప్రమాదకరమైన నర్సు. ఏ గుర్తు వేసినా, తిరిగి చూడడంతోనే అది పూర్తవుతుంది.

ఈమెయిల్ రూలులో సరిగ్గా ఈ రెండో పాఠమే ఉండదు. అది ఒకసారి చూసి, ఒక అరలో వేసి, మరి వెనుతిరిగి చూడదు. ఆ లోటు భర్తీ చేయవలసింది మనమే.

రూలు తన పని తాను సరిగ్గా చేసినా

ఒక ఉదాహరణ చెబుతాము. ఇది ఏ ఒక్కరి కథా కాదు, ఏ ఆసుపత్రిలోనైనా జరగగలిగినదే. ఒక పెద్దాయనకు ఆపరేషన్ అయి డిశ్చార్జి అయ్యారు. బిల్లు కట్టినందుకు రసీదు ఆయన కోడలి మెయిల్‌కు వెళ్లింది. నాలుగు రోజులకు కుట్ల దగ్గర ఎర్రబడి చీము కారడం మొదలైంది. కోడలు ఆసుపత్రి చిరునామా కోసం ఫోన్లో వెతికితే ఆ రసీదు మెయిలే దొరికింది. దానికే జవాబుగా, “మామయ్యగారికి కుట్ల దగ్గర చీము కారుతోంది, రాత్రి నుంచి జ్వరం కూడా ఉంది, ఎప్పుడు తీసుకురమ్మంటారు?” అని రాసి పంపింది.

ఆ మెయిల్ పైన విషయం దగ్గర ఇంకా ‘రసీదు’ అనే ఉంటుంది. ఆఫీసులో ఎవరో ‘రసీదు అనే మాట ఉంటే అకౌంట్స్ అరలో వెయ్యి’ అని రూలు పెట్టి ఉంటారు. రూలు తనకు చెప్పిన పని తు.చ. తప్పకుండా చేస్తుంది. అకౌంట్స్ వారు ఆ అరను లెక్కలు చూసుకునే రోజున తెరుస్తారు. ఆ ఇంట్లో వాళ్లు మాత్రం, ఆసుపత్రికి రాశాము, వాళ్లే ఫోను చేస్తారు అని ఎదురుచూస్తూ ఉంటారు. ఇందులో యంత్రం తప్పు లేదు, కోడలి తప్పూ లేదు. మాటను బట్టి ఉత్తరం సంగతి తెలిసిపోతుందని అనుకోవడమే తప్పు.

‘అర్జంట్’ అనే మాటకు రూలు పెట్టుకుంటే సరిపోతుంది కదా అంటారు కొందరు. మా అనుభవం వేరు. అర్జంట్ అని రాసేవారిలో సరుకు అమ్ముకునేవారే ఎక్కువ. నిజంగా ఆపదలో ఉన్నవారు పైన ఏమీ రాయరు, లేదా ‘హలో సిస్టర్’ అని రాస్తారు. మన పల్లెల్లో పెద్దవాళ్లు గుండెనొప్పిని గుండెనొప్పి అని కూడా అనరు. ఎదలో మంట అంటారు, ఆయాసం అంటారు, గ్యాస్ పట్టేసింది అంటారు, ఒకవైపు చెయ్యి లాగుతోంది అంటారు. ఇక తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేటప్పుడు ఒక్క ‘నొప్పి’నే నలుగురు నాలుగు రకాలుగా రాస్తారు. ఈ తేడాలన్నీ ముందుగా ఊహించి రూలు రాయడం ఎవరి తరమూ కాదు. పైగా ‘ఇప్పుడు నొప్పి లేదు’ అని సంతోషంగా రాసిన ఉత్తరం కూడా నొప్పి అరలోనే పడుతుంది.

అందుకే మా విభాగంలో మాటలను బట్టి రూలు పెట్టడం మానేసి, పంపినవారి చిరునామాను బట్టే పెట్టుకుంటున్నాము. ల్యాబ్ యంత్రం నుంచి తనంతట తాను వచ్చే నోటీసులు, మందుల సప్లయర్ల ధరల పట్టికలు, ట్రైనింగ్ ప్రకటనలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఇవి ఎప్పుడూ ఒకే చిరునామా నుంచి, ఒకే తీరులో వస్తాయి. వీటికి అరలు ఉన్నాయి. మిగిలినవి, అంటే మనుషులు వేళ్లతో కొట్టి పంపినవన్నీ, ఇన్‌బాక్స్‌లోనే ఉంటాయి. యంత్రాల ఉత్తరాలు పక్కకు పోయేసరికి మనుషుల ఉత్తరాలు స్పష్టంగా కనబడుతున్నాయి. రూల్స్ వల్ల మాకు కలిగిన అసలు మేలు ఇదే.

అరకు మనిషి ఉండాలి, మనిషికి వేళ ఉండాలి

ఫ్లారెన్స్ నైటింగేల్ 1859 నాటి తన ‘నోట్స్ ఆన్ నర్సింగ్’ పుస్తకంలో చిన్న చిన్న ఏర్పాట్ల గురించి ఒక అధ్యాయమే రాశారు. నర్సు దగ్గర ఉన్నప్పుడు జరిగే పని ఆమె లేనప్పుడు కూడా జరిగేలా చూడడం ఎలా అన్నదే అందులోని ముఖ్య విషయం. ఇంత శ్రద్ధగా చేసిన సేవంతా ఈ ఒక్క ఏర్పాటు లేక పాడైపోవచ్చని ఆమె హెచ్చరిక. ఆమె కాలంలో కంప్యూటర్ లేదు గాని, ఈమెయిల్ రూలు కోరేది కూడా ఇదే: మనం లేనప్పుడు మన పని జరగాలి.

వార్డులో దీనికి మేము హ్యాండోవర్ చేస్తాము. నైట్ డ్యూటీ సిస్టర్ వెళ్లేముందు డే డ్యూటీ సిస్టర్‌కు ప్రతి మంచం దగ్గరా నిలబడి అప్పగిస్తుంది. రిపోర్టు బుక్‌లో సంతకం ఉంటుంది. ఏడో నంబరు మంచం ఎవరిది అని అడిగితే ‘అందరిదీ’ అనే జవాబు మా దగ్గర చెల్లదు. మెయిల్ అరలకు కూడా ఇదే పద్ధతి ఉండాలని మా అభిప్రాయం. పది మంది చూడగలిగే అరను పది మందీ ఇంకొకరు చూశారులే అనుకుంటారు. ఈ అర ఫలానా వారిది, ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి చూస్తారు, వారు సెలవులో ఉంటే ఫలానా వారు చూస్తారు అని కాగితం మీద రాసి గోడకు అంటించాలి. అలా రాయడానికి మనిషి దొరకని అరను తీసేయడం మంచిది.

రూలుకు మూడు పనులు అప్పగించకూడదు. మొదటిది, చెరిపివేయడం. జీమెయిల్‌లో చెరిపినవి ట్రాష్‌లో 30 రోజులు ఉండి ఆ తరువాత పూర్తిగా పోతాయి. చూడని ఉత్తరాన్ని పారేసే అధికారం ఎవరికీ ఇవ్వకూడదు, యంత్రానికి అసలే ఇవ్వకూడదు. రెండోది, చదివినట్టు గుర్తు పెట్టడం. ఎవరూ చూడని మెయిల్‌కు చూసిన గుర్తు పడితే, మందు ఇవ్వకుండానే చార్టులో సంతకం పెట్టినట్టే. మూడోది, అందింది అని చల్లని జవాబు పంపి ఊరుకోవడం. ‘మీ ఉత్తరం అందింది, త్వరలో సంప్రదిస్తాము’ అనే యంత్రపు జవాబు చదివి ఇంట్లోవాళ్లు నిబ్బరంగా కూర్చుంటారు. అలాంటి జవాబు పెట్టక తప్పదు అనుకుంటే, ‘ఇది యంత్రం పంపిన జవాబు, ఇంకా ఎవరూ చదవలేదు, అత్యవసరమైతే ఈ నంబరుకు ఫోను చేయండి’ అని నిజం చెప్పాలి.

యంత్రమే చూసుకుంటుంది కదా అనేవారికి

మా అభిప్రాయంతో ఏకీభవించనివారు ఉన్నారు. ఈ రోజుల్లో రూల్స్ ఎందుకు, మెయిల్ తనంతట తానే విడదీసుకుంటుంది కదా అని మా పిల్లలే అంటారు. నిజమే. 2004లో వచ్చిన జీమెయిల్ 2013 నుంచి ప్రకటనలను ఒక వరుసలో, సోషల్ సైట్ల కబుర్లను ఒక వరుసలో తానే పెడుతోంది. స్పామ్‌ను వేరు చేయడంలో యంత్రాలు మనకంటే చురుకు. వాటిని కాదనడం లేదు.

కాని మనం రాసిన రూలుకు ఒక గుణం ఉంది. అది ఎందుకు అలా చేసిందో మనం తెరిచి చదవవచ్చు, తప్పుంటే దిద్దవచ్చు. యంత్రం తన ఊహతో విడదీసినప్పుడు కారణం మనకు చెప్పదు. మీ ల్యాబ్ రిపోర్టు ప్రకటనల వరుసలో ఎందుకు పడిందని ఎవరిని అడుగుతారు? కాబట్టి ఆరోగ్యానికి సంబంధించిన మెయిల్‌కు మీరే ఒక చిన్న రూలు పెట్టుకోవడం మంచిదంటాము.

అసలు సర్దడమే అనవసరం, కావలసినప్పుడు వెతుక్కుంటే దొరుకుతుంది కదా అనేవారు ఇంకొందరు. వెతకాలంటే ఒకటి వచ్చిందని ముందు తెలియాలి. తెలిసినవాటికి వెతుకులాట సరిపోతుంది. రావలసి ఉందని కూడా తెలియని కబురును ఎవరు వెతుకుతారు?

ఇంట్లో ఏమి చేయాలి?

మాకు మెయిల్ లేదు సిస్టర్ అని చాలామంది అంటారు. కాని మీ చేతిలో ఆండ్రాయిడ్ ఫోను ఉంటే దాదాపుగా మెయిల్ ఉన్నట్టే. ఫోను కొన్న రోజున షాపు అబ్బాయి మీ పేరుతో జీమెయిల్ తెరిచి ఇచ్చి ఉంటాడు. రిజిస్ట్రేషన్ కౌంటరులో ఆ చిరునామానే చెప్పి ఉంటారు. పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తుండదు. కాబట్టి మొదటి పని, మీ ఇంటి మెయిల్ ఏదో, అది ఎవరి ఫోన్లో తెరుచుకుంటుందో తెలుసుకోవడం. అది తెలిశాక మీ ఇంట్లో చదువుకున్న పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని ఈ కింది పని చేయించండి. జీమెయిల్ ఫోను యాప్‌లో ఫిల్టరు తయారు చేయడం కుదరదు. కంప్యూటర్ మీద చేయాలి. ఒకసారి చేస్తే ఫోన్లో కూడా పనిచేస్తుంది.

1. జీమెయిల్ తెరిచి, పైన కుడివైపు పళ్లచక్రం గుర్తు నొక్కి ‘సీ ఆల్ సెట్టింగ్స్’ లోకి వెళ్లండి. అక్కడ ‘ఫిల్టర్స్ అండ్ బ్లాక్డ్ అడ్రసెస్’, దాని లోపల ‘క్రియేట్ ఎ న్యూ ఫిల్టర్’ ఉంటుంది.

2. ‘ఫ్రమ్’ అన్న గడిలో మీ ఆసుపత్రి లేదా ల్యాబ్ మెయిల్ చిరునామాను పూర్తిగా, రసీదు మీద అచ్చయినట్టే కొట్టండి. ‘ఆసుపత్రి’ అనే ఒక్క మాట పెట్టి ఊరుకోవద్దు. ఆ మాట వాడుకుని మోసగాళ్లు కూడా రాయగలరు.

3. వెంటనే ఫిల్టరు తయారు చేయకుండా, ముందు ‘సెర్చ్’ నొక్కండి. పాత మెయిల్స్‌లో ఈ రూలుకు ఏవి చిక్కుతాయో కనిపిస్తాయి. సరైనవే వస్తే ముందుకు వెళ్లండి. మందు ఎక్కించే ముందు టెస్ట్ డోసు ఇవ్వడం లాంటిదిది.

4. తరువాత వచ్చే పట్టికలో ‘స్టార్ ఇట్’, ‘అప్లై ద లేబుల్’, ‘నెవర్ సెండ్ ఇట్ టు స్పామ్’ అనే మూడింటికి మాత్రమే టిక్కు పెట్టండి. లేబుల్‌కు ‘ఆరోగ్యం’ అని తెలుగులోనే పేరు పెట్టుకోవచ్చు. ‘స్కిప్ ద ఇన్‌బాక్స్’, ‘మార్క్ యాజ్ రీడ్’, ‘డిలీట్ ఇట్’ అనేవాటి జోలికి పోవద్దు. రిపోర్టుకు గుర్తు పడాలి గాని అది కళ్లముందు నుంచి తప్పుకోకూడదు.

5. వారానికి ఒక రోజు పెట్టుకుని స్పామ్ అర తెరిచి చూడండి. అందులో పడినవి కూడా 30 రోజులకు చెరిగిపోతాయి. పరీక్ష ఇచ్చి వచ్చిన వారంలో అయితే రోజూ చూడండి.

అవుట్‌లుక్ వాడేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అక్కడ రూల్స్ పైనుంచి కిందికి వరుసగా నడుస్తాయి. పై రూలులో ‘మిగతా రూల్స్ ఆపు’ అనే టిక్కు ఉంటే కింది రూలు దాకా ఆ మెయిల్ రాదు. కాబట్టి ముఖ్యమైన రూలు పైన ఉండాలి. జీమెయిల్‌లో వరుస లేదు, ఒక మెయిల్‌కు ఎన్ని ఫిల్టర్లు సరిపోతే అన్నీ వర్తిస్తాయి.

రెండు జాగ్రత్తలు

రూలు మన చేతిలో ఉంటే పనిముట్టు, దొంగ చేతిలో ఉంటే ఆయుధం. పాస్‌వర్డ్ దొంగిలించి మెయిల్‌లోకి చొరబడినవారు చేసే పనుల్లో ఒకటి రహస్యంగా రూలు పెట్టడం. బ్యాంకు నుంచి వచ్చే హెచ్చరికలను మీకు కనబడకుండా పక్కకు నెట్టేస్తారు, లేదా మీ మెయిల్స్ నకలు తమకు చేరేలా ఫార్వర్డింగ్ పెడతారు. పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన ఆ రూలు పోదు. కాబట్టి అప్పుడప్పుడు ఫిల్టర్ల పట్టిక, ఫార్వర్డింగ్ పేజీ తెరిచి చూడండి. మీరు పెట్టని రూలు కనబడితే వెంటనే తీసేసి, పాస్‌వర్డ్ మార్చి, బ్యాంకుకు చెప్పండి. డబ్బు పోయిందని అనుమానం వస్తే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఆలస్యం చేయకుండా ఫోను చేయండి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపడానికి అంత అవకాశం ఉంటుంది.

రెండో జాగ్రత్త ఇంటి లోపలిది. నాన్నగారి రిపోర్టులన్నీ నాకూ వచ్చేలా ఫార్వర్డ్ పెట్టండి అని గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉన్న పిల్లలు అడుగుతారు. ప్రేమతోనే అడుగుతారు, అది మాకు తెలుసు. అయినా రిపోర్టు రోగిది. కొడుకుకు చెప్పాలా, కోడలికి తెలియాలా, ఎప్పుడు తెలియాలి అన్నది నిర్ణయించుకునే హక్కు ఆ మంచం మీద ఉన్న మనిషికి ఉంది. హెచ్.ఐ.వి. విషయంలో అయితే 2017 నాటి చట్టం కూడా రోగి సమ్మతి లేకుండా వివరం బయటపెట్టకూడదనే చెబుతోంది. రూలు ఒకసారి పెడితే మంచి రిపోర్టు, చెడ్డ రిపోర్టు తేడా లేకుండా అన్నీ పంపేస్తుంది. అర్ధరాత్రి దుబాయిలో ఒంటరిగా ఉన్న కుర్రవాడు తల్లి బయాప్సీ రిపోర్టును డాక్టరు మాట లేకుండా, పక్కన మనిషి లేకుండా చదవవలసి రావచ్చు. అందుకే ముందు పెద్దవాళ్లను అడగండి. వారు సరే అంటేనే పెట్టండి.

చివరగా ఒక మనవి

గుండెనొప్పి, ఆయాసం, మూతి వంకర పోవడం, కాలు చెయ్యి పడిపోవడం, కాన్పు నొప్పులు, రక్తస్రావం, పాము కాటు, పురుగుమందు తాగడం, పసిబిడ్డ పాలు తాగకపోవడం, ఇలాంటివాటికి ఎవరికీ మెయిల్ రాయకండి. మాకు కూడా రాయకండి. ఎంత మంచి రూలు ఉన్నా మెయిల్ అంబులెన్సు కాదు. 2005 నుంచి మన రాష్ట్రంలో 108 ఉంది. దానికి ఫోను చేయండి, లేదా దొరికిన బండిలో దగ్గరి ఆసుపత్రికి వచ్చేయండి.

మెయిల్‌తో పోయే పనులకు మెయిల్ రాయండి. రాసేటప్పుడు పాత రసీదుకు జవాబు కొట్టకుండా కొత్తగా మొదలుపెట్టండి. పైన విషయం దగ్గర రోగి పేరు, ఓ.పి. నంబరు, ఏమి కావాలో ఒక్క ముక్క రాయండి. ‘కుట్ల దగ్గర చీము’ అని రాస్తే చాలు, చూసేవారి చెయ్యి దాని మీదికే ముందు వెళుతుంది. ఫోను నంబరు తప్పకుండా ఇవ్వండి. ఒక రోజు గడిచినా జవాబు రాకపోతే, చూసే ఉంటారులే అని ఊరుకోకండి. ఫోను చేసి, “మా ఉత్తరం ఎవరు చూశారు?” అని అడగండి. మనిషి పేరు చెప్పమనండి. ఆ ప్రశ్న అడిగే హక్కు మీకు ఉంది, ఏ ఆసుపత్రినైనా అడగవచ్చు. దానికి జవాబు చెప్పగలిగేలా మా అరలను, మా మనుషులను సిద్ధంగా ఉంచుకోవడం మా బాధ్యత.